తప్పుకు తప్పే సరి: శంషాబాద్‌లో నా ఇంటిపేరు తెచ్చిన తంటా

ఈ ప్రయాణానికి కారణం ఒక నామకరణం. మా అక్కకు బిడ్డ పుట్టింది, ఇరవై ఒకటో రోజున తొట్టెలలో వేసి పేరు పెడుతున్నాం, రాకపోతే జన్మలో నీతో మాట్లాడనని అక్క ఫోనులో బెదిరించింది. జర్మనీలో మాస్టర్స్ చదవడానికి వెళ్ళి అప్పటికి పద్నాలుగు నెలలు. ఒక్కసారీ ఇంటి మొహం చూడలేదు. పన్నెండు రోజులు సెలవు దొరకగానే వచ్చేశాను. రావడం హాయిగానే వచ్చాను, దారిలో ఎవరూ ఒక్క మాట అడగలేదు. తిప్పలన్నీ తిరిగి వెళ్ళేటప్పుడే. చదువు మధ్యలో ఇంటికొచ్చి వెళ్ళాలనుకునే వాళ్ళకు పనికొస్తుందని, ఆ సోమవారం ఉదయం శంషాబాద్‌లో జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు నా పేరు సంగతి చెప్పాలి. మా ఇంటిపేరు మేకల, నా పేరు శిరీష. మనం ఎక్కడైనా ఇంటిపేరు ముందు రాస్తాం కదా, బడిలో హాజరు పట్టీ నుంచి ఇంటర్ మెమో దాకా నేను మేకల శిరీషనే. నా పాస్‌పోర్టు దరఖాస్తు నింపించింది మా యాదయ్య కాక, అంటే నాన్న తమ్ముడు. షాద్‌నగర్‌లో ఒక ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, "ఫస్ట్ నేమ్ అంటే ముందుగాల వచ్చే పేరే గద. మనకు ముందుగాల వచ్చేది ఇంటిపేరే గద" అని తీర్పు చెప్పాడు. పక్కనే ఉన్న నాకూ అది సబబుగానే తోచింది. అలా పాస్‌పోర్టులో సొంత పేరు ఉండాల్సిన చోట మేకల, ఇంటిపేరు ఉండాల్సిన చోట శిరీష పడ్డాయి. తర్వాత వీసా, యూనివర్సిటీ కార్డు, అక్కడి నివాస కార్డు, అన్నీ పాస్‌పోర్టు చూసే ఇచ్చారు కాబట్టి అన్నిట్లోనూ అదే వరస.

జర్మనీలో దిగిన రోజు నుంచి అందరికీ నేను మేకలనే. ప్రొఫెసరు "మేకలా, నీ రిపోర్టు బాగుంది" అంటాడు. హాస్టల్లో పిల్లలు "మేకలా, అన్నం వండావా?" అని తలుపు కొడతారు. చిన్నప్పుడు బడిలో ఇదే పేరు పట్టుకుని "మే... మే..." అని ఏడిపించేవాళ్ళు, ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకునేదాన్ని. అక్కడ ఎవరైనా అర్థం అడిగితే సిగ్గేసి, ఏదో పువ్వు పేరని కోతలు కోసేదాన్ని. శిరీష అంటే పువ్వే కదా, ఆ అర్థాన్ని దీనికి అంటగట్టేశాను. వెళ్ళిన మొదటి నెలలోనే కాకకు ఫోను చేసి, నీవల్లే ఇదంతా అని బాగా దులిపేశాను. "ఇంకోపారి గిట్ల కానియ్య బిడ్డా" అన్నాడు పాపం. ఆ మాట మీదే నిలబడ్డాడు. అదే కొంప ముంచింది.

యాదయ్య కాక ఎయిర్‌పోర్టు దగ్గర సొంత కారు నడుపుతాడు. విమానం దిగి వచ్చేవాళ్ళ పేర్లు తెల్ల అట్ట మీద మార్కర్‌తో రాసి పట్టుకుని నిలబడటం ఆయనకు రోజూ ఉండే పని. చదివింది ఏడో తరగతి, ఇంగ్లిషు అక్షరాలు పట్టుబడింది ఆ అట్టల మీదే. "పోయేటప్పుడు టికెట్ నాది" అని పంతం పట్టి, తనకు తెలిసిన షాద్‌నగర్ ఏజెంటు దగ్గర తీయించాడు. సోమవారం ఉదయం పదకొండూ పదికి శంషాబాద్‌లో విమానం, గల్ఫ్‌లో మారి సాయంత్రానికి ఫ్రాంక్‌ఫర్ట్. నేను ఆ రోజే వెళ్ళి తీరాలి. నా నివాస కార్డు గడువు గురువారంతో అయిపోతుంది, బుధవారం ఉదయం దాన్ని పొడిగించే అపాయింట్‌మెంట్ ఉంది. అది దొరకడానికే రెండు నెలలు పట్టింది. తప్పిపోతే కార్డు చెల్లదు, మళ్ళీ ఇక్కడే వీసాకు మొదటి నుంచీ వరసలో నిలబడాలి, ఒక సెమిస్టరు గంగపాలు.

మా ఊరు షాద్‌నగర్ దాటి కాస్త లోపలికి ఉంటుంది. ఆరుంబావుకు కాక కారులో బయల్దేరాం. కారు లేనివాళ్ళు షాద్‌నగర్‌లో బస్సెక్కి శంషాబాద్ ఊళ్ళో దిగి, అక్కడ క్యాబ్ మాట్లాడుకోవడం మేలు. ఎయిర్‌పోర్టు బస్సు కోసం ఆరాంఘర్ దాకా పోతే మళ్ళీ అంత దూరమూ వెనక్కి రావాలి. ఏడు దాటాక శంషాబాద్‌లో రోడ్డు పక్కన బండి దగ్గర ఆగి ఇడ్లీ, వడ తిన్నాం, ఇద్దరికీ చాయ్‌తో కలిపి తొంభై రూపాయలైంది. అప్పుడే కాక గొప్పగా అన్నాడు: "పోయినపారి లెక్క గాదు బిడ్డా. గీపారి ఇంటిపేరు లాస్టుకు పెట్టిచ్చిన. ఏజెంటుకు గట్టిగ జెప్పిన." నేను వడ నములుతూ తలూపాను. ఆ మాట బుర్రకెక్కి ఉంటే అక్కడే గుండె ఆగేది. ముందురోజు ఆన్‌లైన్లో చెకిన్ చేయబోతే వివరాలు సరిపోలడం లేదని వచ్చింది, సైటు మొరాయిస్తోందిలే అనుకుని వదిలేశాను. టికెట్‌లో రెండు పేర్లూ ఉన్నాయి, స్పెల్లింగ్ సరిగ్గా ఉంది, అంతవరకే చూసిన తెలివితేటలు నావి.

ఏడున్నరకు టెర్మినల్ దగ్గర దిగాను. గేటు దగ్గర భద్రతా సిబ్బంది టికెట్, పాస్‌పోర్టు చూసి లోపలికి పంపారు. వరసలో నా వంతు వచ్చేసరికి ఎనిమిదింబావు. కౌంటర్లో కూర్చున్న అమ్మాయి పాస్‌పోర్టు చూసింది, తెర చూసింది, మళ్ళీ పాస్‌పోర్టు చూసింది.

"టికెట్‌లో సర్‌నేమ్ మేకల అని ఉందండీ. పాస్‌పోర్టులో శిరీష అని ఉంది. ఇలా అయితే బోర్డింగ్ పాస్ రాదండీ" అంది.

"రెండూ నేనేనండీ."

"మీరేనని నాకు తెలుసండీ. మాది తెనాలి, మా ఇంట్లోనూ ఇంటిపేరు ముందే రాస్తాం. కానీ ఆ ముక్క సిస్టమ్‌కు తెలియాలి కదా. టికెట్ తీసిన ఏజెంటే సరిచేయించాలి. పదీ పదికి కౌంటర్ మూసేస్తామండీ."

నిజంగా భయమేసింది. అయినా పక్కకు తప్పుకోలేదు. సూపర్‌వైజరును పిలిపించమని అడిగాను. ఆయనకు తెలుగు రాదు, నాకొచ్చిన హిందీలో, ఇంగ్లిషులో మా ఇంటిపేర్ల కథంతా చెప్పాను. నివాస కార్డు, యూనివర్సిటీ కార్డు, బుధవారం అపాయింట్‌మెంట్ కాగితం ఒకటొకటిగా బల్ల మీద పరిచాను. అన్నిటిలోనూ ఒకే వరస ఉందని చూపించాను. ఆయన అంతా విని, పదీ పది దాకా సీటు వేరేవాళ్ళకు ఇవ్వకుండా చూస్తానని, ఆలోపు టికెట్ మారితే పంపిస్తానని మాటిచ్చాడు. తర్వాతి ఖాళీ సీటు శుక్రవారం దాకా లేదని కూడా చెప్పాడు. మాటమాటకూ తడుముకునే పిల్లని, అంత మందిలో అంతసేపు మాట్లాడింది నేనేనా అని ఇప్పటికీ ఆశ్చర్యమే.

కాక ఇంకా పార్కింగ్‌లోనే ఉన్నాడు. ఫోను చేశాను.

"కాకా, టికెట్ల పేర్లు ఉల్టా పడ్డయి."

"ఏంది? సక్కగనే పెట్టిచ్చిన గద!"

"సక్కగ పెట్టిచ్చుడే తప్పయింది. పాస్‌పోర్టుల ఉల్టా ఉంది గద, టికెట్ల గూడ ఉల్టానే ఉండాలె."

"అంటే తప్పుకు తప్పే సరి అన్నట్టా?"

"అవ్ కాకా."

"పరేషాన్ గాకు. నువ్వు ఆ కౌంటర్ ఇడిసి కదలకు. ఇగ నేను జూస్కుంట" అని ఫోను పెట్టేశాడు. ఏజెంటు ఫోను కలవలేదట, దుకాణం తీసేది పది గంటలకట. అందుకని కారు తిప్పి నేరుగా షాద్‌నగర్‌లో వాళ్ళింటికే వెళ్ళాడు.

నేను ట్రాలీ పట్టుకుని కౌంటర్ ఎదురుగా నిలబడ్డాను. నన్ను దాటి ఎందరో వెళ్ళిపోతున్నారు. ఎవరి పేరూ వెనకాముందు కాలేదు కాబోలు. కాక మీద కోపం వస్తుందేమోనని చూశాను, రాలేదు. నేను తిట్టినందుకే కదా ఆయన సరిగ్గా పెట్టించింది. తొమ్మిదీ పదికి ఫోను మోగింది. "దొరికిండు బిడ్డా! మొఖం గూడ కడుక్కోనియ్యలే, బనియన్ మీదనే కంప్యూటర్ ముంగట కూసోపెట్టిన. జర పాస్‌పోర్టు ఫోటో పంపు." పంపాను. తొమ్మిదీ ఇరవై ఐదుకు కొత్త టికెట్ నా ఫోనులో పడింది. తెనాలి అమ్మాయి నాకన్నా ముందు లేచి నిలబడి చెయ్యి ఊపింది. బోర్డింగ్ పాస్ చేతికిస్తూ, "హ్యాపీ జర్నీ మేకల గారూ" అంది. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఇమిగ్రేషన్ వైపు నడవబోతుంటే మళ్ళీ కాక ఫోను. "జరసేపు ఆగుతవా? షాద్‌నగర్ నుంచి బయల్దేరిన, అద్దం కాడికి వస్తున్న." పది గంటలకల్లా వచ్చాడు. గేటు పక్కన, అద్దానికి అవతల, మనుషుల మధ్యలో నిలబడి తెల్ల అట్ట ఎత్తి పట్టుకున్నాడు. పెద్ద పెద్ద ఇంగ్లిషు అక్షరాల్లో మేకల శిరీష అని రాసి ఉంది. వచ్చేవాళ్ళ కోసం చూస్తూ నిలబడేది అవతలి వైపు, దిగేవాళ్ళ గేటు దగ్గర కదా, ఇక్కడ ఈయనెవరా అని జనం చూస్తున్నారు. ఫోనులో గొంతు వినిపించింది: "పాస్‌పోర్టు సూసి రాసిన బిడ్డా. ఇగ తప్పు లేదు."

ఇన్నేళ్ళలో ఆయన ఎవరెవరి పేర్లో పట్టుకుని నిలబడ్డాడు. ఆ అట్ట మీద మా ఇంటిపేరు ఎక్కడం అదే మొదటిసారి. నేను బోర్డింగ్ పాస్ తీసి అద్దానికి ఆనించాను. ఆయన ఒక్కో అక్షరం వేలితో చూస్తూ, తన అట్టతో పోల్చుకుని, సరిపోయిందన్నట్టు తలూపాడు.

ఇమిగ్రేషన్‌లో అధికారి కార్డు గడువు గురువారమే కదా అని ఆరా తీశాడు. అపాయింట్‌మెంట్ కాగితం చూపిస్తే ముద్ర వేసి పంపాడు. ఆ సాయంత్రం ఫ్రాంక్‌ఫర్ట్‌లోనూ అదే ప్రశ్న, అదే కాగితం. అక్కడి అధికారి అన్నీ చూసి, "మేకల... మంచి పేరు. అర్థమేమిటి?" అని అడిగాడు. పువ్వు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "మేకలు. మా తాతలకు పెద్ద మంద ఉండేది. అది మా ఇంటిపేరు" అన్నాను. ఆయన నవ్వి, పాస్‌పోర్టు తిరిగిచ్చి, "వెళ్ళండి మేకలా" అన్నాడు.

బుధవారం అపాయింట్‌మెంట్‌కు వెళ్ళాను, కార్డు పొడిగించారు. చదువుకోవడానికి పోయిన చోట మన కాగితాలే మన తరఫున మాట్లాడతాయి, అవి తడబడినప్పుడు మనం మాట్లాడాలి. నేను మాట్లాడాను, నా కోసం ఒక మనిషి పొద్దున్నే అంత దూరం ఉరికాడు, అదీ నా గొప్ప. ఇక మీకు పనికొచ్చే మాట ఒక్కటే: టికెట్ తీసేముందు పాస్‌పోర్టు ఫోటో పేజీలో అడుగున ఉండే రెండు వరసలు చూడండి. మొదటి వరసలో దేశం కోడ్ (IND) తర్వాత ముందుగా ఉన్నది సర్‌నేమ్, తర్వాతది మీ పేరు. అది మీకు తప్పనిపించినా సరే, టికెట్‌లో అచ్చం అలాగే పెట్టించండి.

ఆ బుధవారం రాత్రి కాక ఫోను చేసి, "సెలవులకు వచ్చినప్పుడు పాస్‌పోర్టుల పేరు సక్కగ చేపిద్దమా బిడ్డా?" అని అడిగాడు.

"వద్దు కాకా, ఉండనియ్. ఈడ రోజూ అందరు మన ఇంటిపేరు పెట్టే పిలుస్తున్నరు" అన్నాను.