అక్క కంప్యూటర్‌లో జాగా

ఇంటికి ఎవరొచ్చినా మా బావ మంచినీళ్లు ఇచ్చేలోపే కంప్యూటర్ చూపిస్తాడు. పక్కన అద్దం బిగించిన నల్లపెట్టె, లోపల రంగులు మారుస్తూ తిరిగే మూడు ఫ్యాన్లు. మీట నొక్కి, చేతులు కట్టుకుని, వచ్చినవాళ్ల మొహాలు చూస్తాడు. దీని మీద ఆడని ఆట లేదని, ఎంత పెద్ద వీడియో అయినా చిటికెలో అయిపోతుందని గొప్పలు పోతాడు. నెలల తరబడి చదివి, దుకాణాల చుట్టూ తిరిగి, ఒక్కో భాగం ఏరి, తన సంపాదనతో దాన్ని కొన్న మా అక్క ఆ సమయానికి వంటింట్లో టీ పెడుతూ ఉంటుంది. వచ్చినవాళ్లు పోతూపోతూ బావనే మెచ్చుకుంటారు. నాకు ఒళ్లు మండిపోయేది. అక్కకు కూడా మండేదేమో, పైకి మాత్రం టీ పొంగకుండా చూసుకునేది.

అక్కది వీడియో ఎడిటింగ్ పని. ఒక స్టూడియో ఓనరు పంపే పెళ్లిళ్లు, పుట్టినరోజులు పన్నెండేళ్లుగా ఇంట్లోనే కూర్చుని కత్తిరించి అతికిస్తోంది. పెళ్లికూతురు విసుక్కున్న క్షణాన్ని ఎక్కడ కోయాలో, అలిగి కూర్చున్న మేనమామను ఎలా మాయం చేయాలో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. చివర్లో పడే పేరు మాత్రం ఓనరుది. పాత కంప్యూటర్ ఉన్నప్పుడు ఒక్క పెళ్లి తయారై బయటికి వచ్చేలోపు వంటా, గిన్నెలూ, బట్టలూ అన్నీ అయిపోయేవి. కొత్తది కొన్నది ఆ పని కోసమే అని అందరికీ చెప్పింది. నిజానికి కొన్నది తన సినిమా కోసం.

సినిమా అంటే మా నాన్న పనిచేసిన ప్రెస్సు గురించి. నాన్న అక్కడ ముప్పై ఒక్కేళ్లు ప్రింటింగ్ మిషను నడిపాడు. అది మూతపడుతోందని తెలియగానే అక్క ఓనరు దగ్గర కెమెరా అడిగి తీసుకుని చివరి పంతొమ్మిది రోజులూ అక్కడే గడిపింది. మిషన్ల హోరులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు కాబట్టి ప్రెస్సువాళ్లు చేతులతో మాట్లాడుకునేవాళ్లు. రెండు వేళ్లు చూపిస్తే సిరా కావాలని, గడ్డం కింద చెయ్యి పెడితే మేనేజరు వస్తున్నాడని. అవన్నీ తీసింది. పుస్తకాలు కుట్టే బైండింగ్ పిన్నిని తీసింది. "ఇన్ని వేల పుస్తకాలు కుట్టాను, ఒక్కటీ చదవలేదమ్మా, నాకు చదువు రాదుగా" అని ఆమె నవ్విన నవ్వు తీసింది. ఆ తర్వాత మిషన్లను గ్యాస్‌తో ముక్కలుగా కోసి తుక్కు కింద లారీ ఎక్కించారు. అక్కడిప్పుడు కార్లు నిలుపుతున్నారు.

పెళ్లిళ్లకూ పుట్టినరోజులకూ మధ్య దొరికిన గంటల్లో రెండేళ్లు కూర్చుంటే నలభై నిమిషాల సినిమా ఒక రూపానికి వచ్చింది. వచ్చే నెల మొదటి ఆదివారం ప్రెస్సువాళ్లందరినీ పిలిచి చూపిస్తానని అక్క మాటిచ్చింది. నాన్న ఆ రోజు కోసం చొక్కా ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాడు. అన్నీ ఒకచోటే ఉన్నాయి, విడిగా ఇంకో డిస్కు కొందామని అక్క అంటే, ఇందులో సముద్రమంత జాగా ఉండగా ఇంకోటి దేనికని బావ కొట్టిపారేశాడు. అక్క కూడా తర్వాత చూద్దాంలే అని ఊరుకుంది.

బావ చెడ్డవాడు కాదు. ఇన్సూరెన్స్ ఆఫీసులో రోజంతా అడ్డమైనవాళ్ల చేతా మాటలు పడి, ఇంటికొచ్చి ఆటలో తుపాకీ పట్టుకుంటాడు. అక్క ఓనరు పిలిస్తే ఒక పెళ్లి పని మీద వేరే ఊరెళ్లిన శనివారం, ఆఫీసు మిత్రులతో కలిసి ఆడాల్సిన కొత్త ఆటకు ఆయన సముద్రంలో చోటు చాలలేదు. నేను అప్పుడే వాళ్లింటికి వెళ్లాను.

"మీ అక్క సినిమా ఏ ఫైలులో ఉంది? దానికేమీ కాకూడదు" అని అడిగాడు.

అక్క రోజూ దేన్ని తెరిస్తే సినిమా కనపడుతుందో చూస్తూనే ఉన్నాను కదా. అన్నీ తెలిసినదానిలా వేలు పెట్టి చూపించాను. ఆయన దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, పైన చీటీ అంటించి, బీరువాలో నగల పక్కన దాచాడు. తర్వాత పేర్లు లేకుండా అంకెలు మాత్రమే ఉన్న వందల క్లిప్పుల ఫోల్డర్‌ను ఏదో పాత పెళ్లి తాలూకు చెత్త అనుకుని మొత్తం తీసేశాడు. నేను పక్కనే కూర్చుని బిస్కెట్లు తింటున్నాను.

సోమవారం నా ముందే అక్క సినిమా తెరిచింది. తెరంతా ఎరుపు. ఎక్కడ ఏ ముక్క రావాలో, ఎంతసేపు ఉండాలో అన్నీ ఉన్నాయి, బొమ్మలే లేవు. బావ బీరువాలోంచి పెన్‌డ్రైవ్ తెచ్చి నవ్వుతూ ఆమె చేతిలో పెట్టాడు. తగిలించి చూస్తే అదే ఎరుపు.

"ఇది వంట కాదండీ, వంట ఎలా చేయాలో రాసుకున్న కాగితం" అంది అక్క. "మీరు పారేసింది సరుకులు."

ఫైలు చూపించింది మీ చెల్లేనని బావ గొణిగాడు. అక్క నా వైపు ఒక్కసారి చూసి మళ్లీ తెర వైపు తిరిగింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

పోయినవి వెతికిపెట్టే షాపతను డిస్కును రెండు రోజులు ఉంచుకుని పెదవి విరిచాడు. ఊరికే తీసేసి వదిలేసి ఉంటే ఏదో కొంత దొరికేదట, దాని మీదే ఆట ఎక్కించడంతో ఏమీ మిగల్లేదట.

ఆదివారం రావద్దని అక్క ఒక్కొక్కరికీ తనే ఫోన్ చేసి చెప్పింది. బైండింగ్ పిన్ని పోనీలేమ్మా అని, ఇంతకూ నేనేం మాట్లాడాను, నాకైతే గుర్తులేదే అని అడిగింది. అక్క ఆమె మాటలన్నీ, ఎక్కడ ఆగిందో ఎక్కడ నవ్విందో సహా, ఆమెకే అప్పజెప్పింది. నాన్నకు ఎదురుగా కూర్చుని చెప్పింది. ఆయనకు ఒక పట్టాన వినపడదు, రెండోసారి అరిచి చెప్పాల్సి వచ్చింది. విని, అరచెయ్యి అడ్డంగా ఒక్కసారి ఊపాడు. ప్రెస్సులో మిషను ఆపెయ్యమనడానికి చేసే సైగ అది.

బావ ఇప్పుడు ఎవరికీ కంప్యూటర్ చూపించడం లేదు. మొన్న నేను వెళ్లేసరికి అక్క ఎవరిదో పెళ్లి కత్తిరిస్తోంది. బావ ఆమె కుర్చీ వెనకాల చాలాసేపు నిలబడి, ఆ ఆట తీసేస్తాను, నీకు జాగా కలిసొస్తుంది అన్నాడు.

అక్క తెర మీద నుంచి కళ్లు తిప్పలేదు. "ఉండనివ్వండి" అంది. "ఆ జాగాలో పెట్టుకోవడానికి ఇప్పుడు నా దగ్గరేముంది?"