చుక్కలు పెట్టిన ఊరిపేరు

రాజమండ్రిలోని పండితుడుగారికి ఇప్పటికి ఏడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఏ ఉత్తరం ఏ పడవలో, ఎవరి చేతికిచ్చి పంపానో నాకు గుర్తే. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను.

ద్రాక్షారామం గుడి స్తంభాల మీది శాసనాలకు నకళ్లు రాసింది నేను. రెండు వేసవులు పట్టింది. సున్నం మీద సున్నం కొట్టిన స్తంభాలవి. తడిగుడ్డతో నానబెట్టి, వెదురుపుల్లతో గీకి, అక్షరాల గంట్లలో బియ్యప్పిండి రుద్దితే గాని చదవడానికి వచ్చేది కాదు. పిండికి చీమలు పట్టి నా చేతులు వాచేవి.

"పిండంతా చీమలకి నైవేద్యం పెడుతున్నారేంటండీ?" అని అర్చకుడుగారు వేళాకోళం చేసేవారు.

ఒక స్తంభం మీద, అఖండదీపానికి నెయ్యి కోసం గొర్రెలనిచ్చిన దాత పేరుంది. అతని ఊరిపేరున్న చోట రాయి పెచ్చు ఊడిపోయింది. మొదటి అక్షరం, చివరి అక్షరం మిగిలాయి. అవి మా ఊరిపేరుకు సరిపోయాయి. సరిపోయే ఊళ్లు ఇంకా ఉన్నాయి. నకలు రాసేవాళ్ల పద్ధతి ప్రకారం ఊడిన చోట చుక్కలు పెట్టాను. వాటిపైన చిన్న అక్షరాలతో మా ఊరిపేరు రాసి, పక్కన 'ఇది నా ఊహ' అని కూడా రాశాను.

వారంలో తిరిగి ఇస్తానని పండితుడుగారు ఆ కాగితాలు తీసుకెళ్లారు. మరుసటి ఏడు మాసపత్రికలో ఆయన వ్యాసం వచ్చింది. నా పంక్తులన్నీ ఉన్నాయి. అవి ఎక్కడివో రాయలేదు. నా పేరు లేదు. అంతకన్నా ఘోరం, నా చుక్కలు లేవు. మా ఊరిపేరు రాతిమీద చెక్కి ఉన్నట్టే అచ్చయింది. నెల తిరక్కుండా ఇంకొకాయన మరో పత్రికలో అదే రాసి, ఆధారం పండితుడుగారి వ్యాసమని చూపించాడు. ఆ దారిన వెనక్కి వెళ్లినవాడు పండితుడుగారి దగ్గరే ఆగిపోవాలి. రాయి దాకా రాలేడు.

మా ఊరివాళ్లు పొంగిపోయారు. మా ఊరి గుడి ముందు ఈ సంగతి రాతిఫలకం మీద చెక్కించి నిలబెడతామన్నారు. చావడిలో అందరి ముందూ చెప్పాను.

"అది నా ఊహండీ. రాతిమీద లేదు."

"అచ్చులో ఉంటే లేదంటారేంటండీ?" అన్నారు కరణంగారు.

"చదివింది నేనేనండీ."

"అయితే మీ పేరేదీ? చూపించండి." పత్రిక నా ముందుకు తోశారు.

"ఈయనగారి పేరు చుక్కల్లో పెట్టుంటారు లెండి!" అన్నారెవరో వెనకనుంచి. చావడంతా నవ్వింది. ఎవరన్నారో నాకు తెలుసు.

మర్నాడు మా ఆవిడ ఖాళీ బిందెతో తిరిగొచ్చింది. "నూతి దగ్గర నన్ను చేద వెయ్యనివ్వలేదండీ. ఊరికి మంచిపేరొస్తే మీకేం పోయింది?" అంది.

ద్రాక్షారామం వెళ్లాను. ఉత్సవానికి ఆ స్తంభానికి మళ్లీ సున్నం కొట్టారు. ఇక గీకనివ్వనన్నారు అర్చకుడుగారు. కాగితాలు చూపిద్దామంటే నా దగ్గర లేవు. ఊళ్లో నోరెత్తలేను, ఊరుకోనూ లేను. మా ఇంట్లోకి రాతిపనివాడి ఉలి చప్పుడు వినిపిస్తోంది. ఫలకం మీద రెండు పంక్తులు అయిపోయాయి. ఊరిపేరు మూడో పంక్తిలో ఉంది. అది నిలబెట్టాక, ఇంకో వందేళ్లకు ఎవరో పిండి రుద్ది, నిజమని నకలు రాసుకుంటారు.

పండితుడుగారూ, ఆ ఊరిపేరు మీరు ఏ రాతిమీద చదివారు? నా కాగితాల మీద చదివి ఉంటే, ఆ మాట అదే పత్రికలో, నా చుక్కలతో సహా అచ్చువేయించండి. ఈసారైనా జవాబు చెప్పండి.