ఆపుకున్న తుమ్ము

మా ఆయన బంగారప్పని చేస్తాడు. ఆయన తుమ్మగా నేనెన్నడూ వినలేదు. తుమ్మొస్తే ముక్కు గట్టిగా పట్టుకుని, ఒళ్ళంతా బిగించి లోపలే మింగేసేవాడు. ఆకురాయితో రాసిన బంగారు రజను ముందు పళ్ళెంలో ఉంటుంది కదా, ఒక్క తుమ్ముకి ఎగిరిపోతే మళ్ళీ ఏరడం ఎవరి తరం? మా మామగారు చిన్నప్పుడే వీపు మీద చరిచి మరీ నేర్పిన విద్య అది.

కిందటేడు పని మీద వంగినప్పుడల్లా ఎడమ ముక్కులోంచి నీళ్ళు కారడం మొదలైంది. జలుబనుకుని మాత్రలు మింగించాను. తీరా చూస్తే అది మెదడు చుట్టూ ఉండే నీరట. ముక్కుకీ మెదడుకీ మధ్యనున్న ఎముకకి సన్నటి చిల్లు పడిందట. అలా వదిలేస్తే ఆ దారినే క్రిములు మెదడు దాకా పాకి ప్రాణం మీదికి తెస్తాయని డాక్టరమ్మ చెప్పింది.

తల కొయ్యలేదు. ముక్కులోంచే కెమెరా గొట్టం పంపి, తొడలోంచి తీసిన పొర ముక్కతో చిల్లు మూశారు.

"వంగకండి, ముక్కు చీదకండి. తుమ్మొస్తే మాత్రం ఆపుకోవద్దు, ఆ ఒత్తిడికి అతుకు ఊడిపోతుంది; నోరు బార్లా తెరిచి తుమ్మండి," అంది డాక్టరమ్మ. ఆయన బుద్ధిగా తలూపాడు.

వారం తిరక్కుండానే, వార్డులో ఎవరో పక్క మంచం దుప్పటి దులుపుతుంటే తుమ్మొచ్చింది. చెయ్యి దానంతటదే ముక్కు మీదికి పోయింది. మింగేసి, బిక్కమొహంతో నా వైపు చూశాడు. సాయంత్రానికి పైపెదవి తడిసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎవరి బంగారం ఎగిరిపోతుందని ఆపారు?"

"చెయ్యి నా మాట వినలేదే," అన్నాడు.

నా కోపం అక్కడే నీరుగారిపోయింది. భయం మిగిలింది.

మళ్ళీ ముక్కులోంచే ఆపరేషన్. ఇది కూడా నిలవకపోతే పుర్రె తెరవక తప్పదన్నారు. ఇక ఆ ముక్కుకి నేనే కాపలా. ఆయన చెయ్యి వదలకుండా పట్టుకుని కూర్చునేదాన్ని. ఈ వయసులో ఏం సరసమో అని నర్సులు నవ్వుకునేవారు.

ఇంటికొచ్చాక ఒక మధ్యాహ్నం అన్నం తింటుంటే తుమ్మొచ్చింది. కుడిచెయ్యి లేచింది. నేను గిన్నె వదిలి లేచేలోగా ఆయనే ఆ ఎంగిలిచేతిని తొడ కింద నొక్కిపెట్టి, నోరు తెరిచి ఇల్లదిరేలా తుమ్మాడు. మెతుకులన్నీ నా మీద పడ్డాయి.

ఆయన పైపెదవి వేలితో తడిమి చూశాను. కాసేపాగి మళ్ళీ చూశాను. పొడిగానే ఉంది.

"అంతా ఎగిరిపోయిందే," అన్నాడు మెతుకుల వంక చూస్తూ.

"పోనివ్వండి," అన్నాను. ఏడుపొచ్చింది. నేనూ ఆపుకోలేదు.