పెద్దమ్మ దొరువు నీళ్లు

మా పెద్దమ్మ వాళ్ల ఊరికి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఉప్పుటేరు, నడుమ ఇసుక దిబ్బ. ఆ దిబ్బ వారన పల్లంలో పెద్దమ్మ దొరువు ఉంది. దొరువంటే పెద్ద నిర్మాణమేమీ కాదు, ఇసుకలో నడుం లోతు తవ్విన గుంట. అందులో నీళ్లు మాత్రం కొబ్బరినీళ్లలా ఉండేవి. రామచంద్రపురంలో కాలువల మధ్య పెరిగినదాన్ని, నాకు నమ్మబుద్ధి కాలేదు. రెండు పక్కలా నోట పెట్టలేని నీళ్లుంటే మధ్యలో ఈ తీపి ఎక్కడిదని అడిగాను.

"దిబ్బ వాన తాగుద్దే. తాగినదంతా కడుపులో దాచుకుని ఎండాకాలం కాస్త కాస్త వదులుద్ది," అంది పెద్దమ్మ.

నిజమే. ఇసుకలో ఇంకిన వాన నీరు తేలిక. అడుగునున్న ఉప్పు నీటి మీద అది తేలి నిలుస్తుంది, పల్లంలో ఊటగా బయటికొస్తుంది. మే నెలలో చుట్టూ అంతా మాడిపోతున్నా అక్కడ తుంగ పచ్చగా ఉండేది, కొంగలు దిగేవి. పెద్దనాన్న పోయాక పెద్దమ్మ ఆ పక్కనే కనకాంబరాలు వేసి, కుండలతో తడిపి, పూలమ్మి ఇల్లు నడిపింది. దొరువును లోతు చెయ్యనిచ్చేది కాదు, మోటారు పెట్టనిచ్చేది కాదు. ఆశకు పోతే అడుగునున్న ఉప్పు పైకి లేస్తుందని ఆవిడ భయం.

అంత జాగ్రత్త మనిషికి దెబ్బ కొడుకు ప్రేమ వల్లే తగిలింది. తుపానుకు ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లొస్తే పెద్దమ్మ మంచమెక్కి కూర్చోవాల్సి వచ్చింది. అది చూసి తట్టుకోలేక ఆవిడ కొడుకు, మా అన్నయ్య, ఇంటి నేల ఎత్తు చేయిద్దామనుకున్నాడు. పెద్దమ్మ కంటి ఆపరేషన్ చేయించుకుని మా ఇంట్లో ఉన్నప్పుడు ట్రాక్టరు పెట్టి, దిబ్బను సగానికి సగం తవ్వించి ఇంట్లో పోయించాడు. దొరువును ముట్టుకోలేదు కదా అనుకున్నాడు పాపం. దొరువు జోలికి పోకూడదని ఆ ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. దిబ్బ లేకపోతే దొరువు లేదని మాత్రం అప్పుడు అక్కడున్న ఒక్కరికీ తోచలేదు.

ఎండలు ముదిరాక గేదె ఆ నీళ్లలో మూతి పెట్టి వెనక్కి తీసేసుకుంది. కనకాంబరాల ఆకులు అంచులు మాడాయి. పెద్దమ్మ దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మేసింది. అన్నయ్యను నాలుగు దులిపేద్దామనే బయల్దేరి వెళ్లాను నేను. తీరా చూస్తే మనిషి అన్నం సయించక సగమైపోయాడు. ఇంట్లో పోసిన ఇసుకంతా తవ్వి, గంపలకెత్తి మళ్లీ దిబ్బ మీదికి మోస్తున్నాడు.

కార్తీకంలో మళ్లీ వెళ్లాను. వానలు బాగానే పడ్డాయి, అన్నయ్య ఇంకా మోస్తూనే ఉన్నాడు. పెద్దమ్మ దొరువులో చెంబు ముంచి, ఒక గుక్క తాగి, దిబ్బ మీదికి కేకేసింది.

"ఒరేయ్, ఉప్పు పోయిందిరా! తియ్యగా ఉన్నాయి నీళ్లు. ఇంక దిగొచ్చి అన్నం తిను."

అన్నయ్య గంప దించి, నమ్మాలో వద్దో తెలియక అక్కడే నిలబడ్డాడు.

"కావాలంటే దీన్నడుగు," అంటూ పెద్దమ్మ చెంబు నా చేతిలో పెట్టింది.

ఒక గుక్క తాగాను. ఒట్టి ఉప్పు. పెద్దమ్మ నా కళ్లలోకే చూస్తోంది. అన్నయ్య చూస్తుండగా చెంబెడు నీళ్లూ గటగటా తాగేసి, ఇంకో చెంబు ముంచమన్నాను.