అరువు పరికిణీ

అది బడులు తెరిచిన జూన్ నెల, రెండో ఆదివారం, పొద్దున్న పదిన్నర. సంవత్సరం డెబ్బై తొమ్మిది. చర్చిలో ఆరాధన అయిపోయింది. దీవెన చెప్పాక కూడా ఎవరూ లేవొద్దన్నారు అయ్యగారు. నాకప్పుడు చదువు సరేసరి, గడియారం చూడటం కూడా రాదు. గోడ మీది ముల్లు చూసి టైము చెప్పింది నా కూతురు. అందుకే గుర్తుంది.

మాది రాజోలు దగ్గర పేట. అమలాపురంలో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్ళు, టీచర్లూ నర్సులూ ఆఫీసు గుమస్తాలూ కలిసి ఒక సహాయ సంఘం పెట్టుకున్నారు. వాళ్ళూ మాలాంటి పేటల్లో పుట్టి పైకొచ్చినవాళ్ళే. ఏటా ఒక ఊరు చూసుకుని, ఆ ఊళ్ళో లేనివాళ్ళ ఆడపిల్లని ఒకర్ని ఎంచుకుని, హైస్కూలు చదువు అయ్యేదాకా హాస్టలూ బట్టలూ పుస్తకాలూ వాళ్ళే చూసేవారు. ఆ ఏడు మా ఊరి వంతు. ఏడో తరగతి ప్యాసైన ఆడపిల్లలు ఇద్దరు. ఒకతె నా కూతురు. రెండోది కాలవ గట్టు మీద మేనత్త పాకలో పెరుగుతున్న తల్లిలేని పిల్ల. నా కూతురికి మార్కులు ఎక్కువ. దీనికే వస్తుందని బడిలో మేష్టారు ముందే అన్నారు. రాకపోతే ఏమవుతుందో కూడా అందరికీ తెలుసు. నాతోపాటు కొబ్బరి డొక్కలు బాది పీచు తీసే కళ్ళానికి రావడమే. మా ఆయన కొబ్బరి దింపులో చెట్టు మీంచి పడి పోయాక, ఆ పీచు పనీ మా మామగారి పాలేరుతనమూ మాకు ఆధారం.

ఆదివారం చర్చికి ఉన్నదాంట్లో మంచిది కట్టుకుని వెళ్ళడం మా మర్యాద. పైగా పెద్దవాళ్ళు వస్తున్నారు. చిరుగుల బట్టతో పిల్లని నిలబెడితే వాళ్ళని అవమానించినట్టే అనుకున్నాం. లేమి కనబడేలా వెళ్ళాలని పేటలో ఒక్కరికీ తోచలేదు. దాన్ని దాచుకోవడమే మాకు తెలిసిన పని.

ఎదురింటి అక్క తన కూతురి కోసం బండారులంకలో కొన్న జరీ అంచు పరికిణీ తెచ్చింది. మిషను కుట్టే పెద్దమ్మ శనివారం పగలంతా కూర్చుని జాకెట్టు బిగించింది. నా తోడికోడలు తన చెప్పులిచ్చింది. పక్కింటి కొత్త కోడలు మెళ్ళో గొలుసు తీసి దీని మెళ్ళో వేసింది. పెద్దమ్మ దీన్ని తిప్పి తిప్పి చూసి, “ఏమే, హాస్టలుకా, అత్తారింటికా?” అంది. ఇది తక్కువ తిందా. “చెప్పులు పెద్దవయ్యేయి పిన్నీ, నాకంటే ముందు అవే చర్చికెళ్ళిపోతాయి” అని తోడికోడల్ని ఆటపట్టించింది. అంత నవ్వు దాని మొహంలో మళ్ళీ నేను చూడలేదు.

అమలాపురం నుంచి ఇద్దరు వచ్చారు. రిటైరైన టీచరమ్మగారు, ఆవిడ వెంట ఒక గుమస్తాగారు. పిల్లలిద్దర్నీ ముందుకి పిలిచారు. రెండో పిల్ల గౌను వెలిసిపోయి ఉంది, భుజం దగ్గర పిన్నీసు పెట్టి ఉంది. టీచరమ్మగారు పాఠాలడిగారు. నా కూతురు అన్నిటికీ జవాబు చెప్పింది. ఆ పిల్ల రెండు చోట్ల తడబడింది. అప్పుడావిడ వంగి నా కూతురి పరికిణీ అంచు పట్టుకుని చూశారు. గొలుసు చూశారు. పిల్ల తాలూకు పెద్దవాళ్ళెవరని అడిగారు.

మగవాళ్ళ వైపు నుంచి మా మామగారు లేచి ముందుకి వెళ్ళారు. ఆయన జీవితమంతా ఒకరి కమతంలో పాలేరు. తోలిన ఎడ్లు ఆయనవి కావు, పట్టిన నాగలి ఆయనది కాదు. మా పాక ఉన్న నేల కూడా ఆయనది కాదు.

“ఈ గొలుసూ ఈ బట్టలూ మీవేనాండీ?” అని మెల్లిగా అడిగారు టీచరమ్మగారు.

మామగారు తువ్వాలు భుజం మీంచి తీసి నిటారుగా నిలబడ్డారు. “ఆయ్, మావేనండి. మా మనవరాలికి ఏ లోటూ చెయ్యలేదండి.”

ఆయన నోట ‘మావి’ అన్న మాట అదే మొదటిసారి వినడం. ఆడవాళ్ళ వైపు ముందు వరసలో ఉన్న నేను సగం లేచాను. లేచి ఏం చెప్పాలి? అంతమందిలో ముసలాయన్ని అబద్ధాలకోరు అనాలా? కూర్చున్నాను.

టీచరమ్మగారు కోప్పడలేదు. “సంతోషమండి. అయితే ఈ సాయాన్ని లేని పిల్లకి వదిలేద్దామండి” అని ఆ రెండో పిల్ల తల మీద చెయ్యి వేశారు. ఆ మాటలు వెనక వరసల్లో కూర్చున్న అరువిచ్చినవాళ్ళ దాకా రాలేదు. అయ్యగారు ప్రార్థన చేశారు. మా మామగారికి ఏమీ అర్థం కాలేదు, ఇద్దరికీ ఇచ్చారనుకున్నారు. ఇంటికొస్తూ దారిలో, “ఆ పిల్లకీ ఇచ్చేరు, మంచిదే” అన్నారు.

నేను వెనక్కి పరిగెత్తి చర్చి గుమ్మంలో ఆవిడని పట్టుకున్నాను. అవేవీ మావి కావని, అన్నీ అరువని చెప్పాను. ఆవిడ మొహం వాడిపోయింది. అటు పక్కన మేనత్త ఆ పిల్లని పట్టుకుని సంతోషంతో ఏడుస్తోంది.

“ఆ పిల్ల చేతిలోది ఇప్పుడెలా లాక్కోమంటావమ్మా? నువ్వే చెప్పు” అన్నారావిడ.

నేను ఆ పిన్నీసు వంక చూశాను. “వద్దండి” అన్నాను.

సాయంత్రం నా కూతురే ఎవరివి వాళ్ళకి ఇచ్చి వచ్చింది. అడిగినవాళ్ళందరికీ హాస్టల్లో చోటు లేదన్నారని చెప్పింది. ఎందుకలా చెప్పావని అడిగాను. “నిజం చెప్తే గొలుసిచ్చినావిడ అన్నం తింటాదా అమ్మా?” అంది. పన్నెండేళ్ళ పిల్ల. వాళ్ళెవరికీ ఈనాటికీ తెలియదు. మా మామగారు మాత్రం హాస్టలుకని ఎవర్నో అడిగి పాత రేకు పెట్టె తెచ్చి, తుప్పు గీకి, ఎప్పుడు పంపుతారని రోజూ అడిగేవారు. వచ్చే ఏడంట తాతా అని చెప్పేది. ఆ వచ్చే ఏడు ఆయన చూడలేదు.

అది నాతో కళ్ళానికి వచ్చింది. చేతులు పగిలాయి. కొన్నాళ్ళకి మధ్యాహ్నం అన్నాలయ్యాక తడి ఇసుకలో డొక్క ముక్కతో గీసి నాకు అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. నా వేళ్ళు వంగేవి కావు. పీచు పేనినట్టే తిప్పమ్మా అనేది. అలా వచ్చిన అక్షరాలే ఇవి. దాని చదువు ఆగిపోయి నాకు వచ్చింది. ఇప్పుడు పేపరు చేతికిస్తే నువ్వే చదివి చెప్పమ్మా అంటుంది. కళ్ళు కనబడక కాదు. ఆ రెండో పిల్ల నర్సయింది. ఊరొస్తే నా దగ్గర కూర్చుని వెళ్తుంది, మంచి మనిషి. ఆమె మీద నాకు ఏమీ లేదు. ఎవరి మీదన్నా ఉంటే బాగుండేది, కొంచెం తేలికపడేదాన్ని.

పేర్లు రాయను. ఆ రోజు చర్చిలో ఉన్నవాళ్ళు అయ్యగారు, టీచరమ్మగారు, ఆవిడ వెంట వచ్చిన గుమస్తాగారు, పరికిణీ ఇచ్చిన ఎదురింటి అక్క, జాకెట్టు బిగించిన పెద్దమ్మ, చెప్పులిచ్చిన నా తోడికోడలు, బోసి మెడకి పైట కప్పుకుని కూర్చున్న పక్కింటి కొత్త కోడలు, కాలవ గట్టు మేనత్త, పిన్నీసు గౌను పిల్ల, మా పేట జనం, నిటారుగా నిలబడ్డ మా మామగారు, నేను. అందరికంటే ముందు, జరీ అంచు నేలకి తగలకుండా రెండు చేతులా ఎత్తి పట్టుకుని, నా కూతురు.