ట్యాంకు అడుగు ఫోటో

పద్దెనిమిదేళ్లుగా ఆ నీళ్ల ట్యాంకుకీ, దాని కింద నాలుగు వీధుల వాల్వులకీ అతనే దిక్కు. ఏ వీధికి ఎన్ని చుట్లు తిప్పాలో అతని చేతికే తెలుసు. అందరూ నీళ్లాయన అంటారు. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్లకి గుర్తుందో లేదో మరి.

అలాంటివాడు మంగళవారం పొద్దున్నే వాల్వు తిప్పి వీధిలోకి వచ్చేసరికి కొళాయిల కింద ఒక్క బిందె లేదు. మంచినీళ్లు ధారగా మురిక్కాలవలోకి పోతున్నాయి. జనమంతా మలుపులో ఉన్న పాత బోరు దగ్గర మూగారు. ఆ బోరు నీళ్లు తాగడానికి పనికిరావని పరీక్ష చేసినవాళ్లు తేల్చి చెప్పారు. దానికి ఎర్ర రంగు కొట్టింది కూడా నీళ్లాయనే.

"రంగు కనబడట్లేదా? ఇవి తాగే నీళ్లు కావని ఎన్నిసార్లు చెప్పాలి?" అని అరిచాడు.

"నువ్వు మాట్లాడకు. ఇంతకాలం మాకు తాగించింది చాలు!" అంటూ టైలరు ఫోన్ తీసి మొహం మీద పెట్టాడు.

అందులో ఒక ఫోటో: చీలమండ లోతు నల్లటి బురద. కింద రాత: 'ఇదీ మన ట్యాంకు. ఈ నీళ్లు తాగి ఇద్దరు పోయారు. అందరికీ పంపండి.'

"ఎవరయ్యా పోయింది?"

"పక్క వీధిలో అట."

నీళ్లాయన సైకిలెక్కి పక్క వీధికి పోయాడు. అక్కడ అడిగితే, మా వీధి కాదు, ఆ పైవీధి అన్నారు. పైవీధివాళ్లు చివరి వీధి వైపు చెయ్యి చూపించారు. చివరి వీధిలో ఒక పెద్దావిడ, "అయ్యో, పోయింది మీ వీధివాళ్లే కదా నాయనా!" అని కళ్లొత్తుకుంది. చచ్చినవాళ్ల కోసం ఊరంతా తిరిగినా ఒక్కరూ దొరకలేదు. చెప్పినవాళ్లు మాత్రం ఇంటికిద్దరు.

తల వాచిపోయి అక్క ఇంటికి చేరాడు. అక్క కూతురు కాన్పుకొచ్చి ఐదు నెలలైంది. బోరు నీళ్లు పట్టుకురమ్మని పొద్దున్నే కూతుర్ని రెండో విడత తోలేసి, పసిదాని పాలసీసా కడుగుతోంది అక్క. పొయ్యి మీద మొదటి బిందె నీళ్లు కాగుతున్నాయి.

"అక్కా, నీకు పుణ్యముంటుంది, అవి పారబొయ్యి."

"కాచే పోస్తాన్లేరా."

"కాస్తే పోయే రోగం కాదు అది! ఆ నీళ్లలో ఉన్న పాడు ఉప్పు కాచేకొద్దీ చిక్కబడుతుంది. పసిపిల్లలకి మరీ చేటని రాసిచ్చారు. తమ్ముణ్ణి, నా మాట కంటే ఫోను మాట ఎక్కువైందా?"

"నీ మాటకేం రా, నువ్వు నీ ఉద్యోగం కాపాడుకోవాలి. టీవీలో కూడా వేశారు."

"ఏమని?"

"'ట్యాంకులో విషం ఉందా?' అని."

"వాళ్లు నిన్ను అడుగుతున్నారే తల్లీ, చెప్పట్లేదు!"

అక్క ఏం తగ్గలేదు. ఫోన్ తీసి, "మరి దీనికేమంటావు?" అని ఆ బురద ఫోటోనే చూపించింది. నీళ్లాయన దాన్ని రెండు వేళ్లతో పెద్దది చేశాడు. మూలన బురదలో ఒక కాలు. బొటనవేలికి గోరు లేదు.

"ఆ కాలు ఎవరిదో చెప్పు."

అక్క కళ్లద్దాలు సర్దుకుని చూసింది. తమ్ముడి కాలు చూసింది. మళ్లీ ఫోన్ చూసింది. "నీదే! చిన్నప్పుడు తలుపు సందులో పడి నలిగిపోయింది."

"ట్యాంకు కడిగే ముందొకటి, కడిగాక ఒకటి ఫోటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాలి. అది మా పద్ధతి. ఆర్నెల్లకోసారి నీళ్లన్నీ వదిలేసి, అడుక్కి దిగిన మడ్డి ఎత్తిపోసి, మందుతో కడిగాకే కొత్త నీళ్లు ఎక్కిస్తాం. ఆదివారం చేసిందదే. నా ఖర్మ, ఎంత కష్టపడ్డానో చూడండని మన ఇంటి గ్రూపులోనూ పెట్టాను. అదీ మురికిది ఒక్కటే. అక్కణ్ణుంచి ఎవరు బయటికి పంపారో..."

అక్క గొంతు ఒక్కసారి చిన్నదైంది. "నేనే రా. మా తమ్ముడి కష్టం చూడవే అని టైలరు పెళ్లానికి పంపాను."

నీళ్లాయన నెత్తి పట్టుకుని గడప మీద కూలబడ్డాడు. "నువ్వు పంపిందే నీ దగ్గరికొస్తే భయపడి పసిదాని సీసాలో విషం పోస్తున్నావా!"

"నేను పంపినప్పుడు దాని కింద ఇద్దరు చావలేదు కదరా!"

పొయ్యి ఆర్పి, ఆ నీళ్లు దొడ్లో పారబోసి, బోరు దగ్గరికి పరుగెత్తింది. ఎవరు వింటారు? "తమ్ముణ్ణి వెనకేసుకొస్తోంది," అన్నారు. కన్న కూతురే, "ఉండమ్మా, అందరూ ఒకటే చెబుతుంటే," అంటూ బిందె నింపుకుంది.

"అయితే చూసే చెబుతా!" అని అక్క బోరు పక్కనే ఉన్న ట్యాంకు మెట్లెక్కింది. యాభై దాటిన మోకాళ్లు, తొంభై రెండు మెట్లు. ప్రతి మలుపులోనూ ఆగి, వెనకే ఎక్కుతున్న తమ్ముణ్ణి తిట్టింది. పైకి చేరి, మూత తీయించి లోపలికి వంగింది. అడుగున సిమెంటు గీతలు కూడా కనబడుతున్నాయి. కొంగులోంచి ఫోన్ తీసింది.

"ఫోటో వద్దే, నీ కాళ్లు మొక్కుతా!" అన్నాడు నీళ్లాయన.

"మరెలా చెప్పను?"

"నోరుంది కదా, అరిచి చెప్పు."

అక్క పిట్టగోడ పట్టుకుని కిందికి కేకేసింది. "ఒసేయ్! ఆ బిందె పారబొయ్యవే! నా కళ్లతో చూశాను, నీళ్లు అద్దంలా ఉన్నాయి! పారబొయ్యకపోతే కిందికొచ్చి నీ వీపు చీరేస్తా!"

కూతురు అటూ ఇటూ చూసి బిందె వంచేసింది. ఇంకో ఇద్దరు వంచారు. తక్కినవాళ్లు బిందెలు గట్టిగా పట్టుకుని నిలబడ్డారు. టైలరు మాత్రం మెల్లగా ట్యాంకు కిందికొచ్చి తల పైకెత్తి కేకేశాడు.

"పైన నిజంగా బాగున్నాయా?"

నీళ్లాయనకి ఒళ్లు మండిపోయింది. "నేను చెప్పను. మా అక్క చెప్పినా నమ్మొద్దు. ఎక్కి చూడు. చూసి, నువ్వు ఎంతమందికి పంపావో అంతమంది ఇంటికీ నడిచెళ్లి చెప్పు."

"యాభై మంది ఉంటారయ్యా!"

"పంపేటప్పుడు వేలు నొప్పెట్టలేదు కదా. పద."