సాక్షి నోట రాని పేరు

నాంపల్లిలో మా ఆఫీసు ఉన్న పాత మేడలో కింది గదిని విచారణ గది చేశారు. నిజానికి అది సామాన్ల గది. విరిగిన కుర్చీలన్నీ ఓ మూలకు నెట్టి, బల్ల వేసి, పక్కన నా టైపు మిషను పెట్టారు. అప్పటికి నేను స్టెనోగా చేరి ఎక్కువ కాలం కాలేదు. అబిడ్స్‌లో ఓ మేడ మీద టైపు నేర్చుకుని, ఇంట్లో అందరితో పోట్లాడి తెచ్చుకున్న ఉద్యోగం అది.

విచారణ మా క్యాషియర్ గారి మీద. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదు వచ్చినప్పుడు మూటాముల్లె సర్దుకుని ఆఫీసుతోపాటు వచ్చినవారాయన. నన్ను "అమ్మాయ్" అనేవారు. వాళ్లావిడ చేసిన గోంగూర పచ్చడి నాకు పెట్టకుండా తాను ముద్ద ఎత్తేవారు కాదు. ఆ మధ్య ఆఫీసు గన్‌ఫౌండ్రీ నుంచి నాంపల్లికి మారినప్పుడు కాగితాల కట్టలన్నీ బండ్లకెత్తి వానలో తోలించారు. చనిపోయిన ఉద్యోగుల భార్యలకు ఇచ్చిన పింఛను రసీదుల కట్ట ఒకటి చేరలేదు. వానకు నానిపోయిందో, బండివాడు పొయ్యిలో పెట్టుకున్నాడో ఆ దేవుడికే తెలియాలి. క్యాషియరే డబ్బు తినేసి రసీదులు మాయం చేశాడని ఎవడో ఆకాశరామన్న ఉత్తరం పడేశాడు. ఇంకేముంది, సస్పెన్షను, సగం జీతం, విచారణ.

నేను కొట్టే కాగితాల్లో ఆయనకు పేరు లేదు. 'నిందిత ఉద్యోగి' అని ఇంగ్లీషులో కొట్టాలి. కొట్టిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండేది.

పింఛను తీసుకున్నవాళ్లలో కొందరు పోయారు, కొందరు ఎటో వెళ్లిపోయారు. చివరికి ఒక ముసలమ్మ దొరికింది. చాదర్‌ఘాట్‌లో కిరాయి గదిలో కొడుకు దగ్గర ఉంటోంది. భర్త మా శాఖలో బంట్రోతుగా చేసి చనిపోయాడు. ఏళ్ల బకాయి కలిసి అందరికంటే పెద్ద మొత్తం ఆమెదే కాబట్టి, అందిందని ఆమె ఒక్క మాట అంటే కేసు తేలిపోతుంది. ఆ రోజు క్యాషియర్ గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లివారి కోసం చూసినట్టు గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నారు.

ముసలమ్మ వస్తూనే దండం పెట్టింది.

"పైసలు ముట్టినయి సారూ. గీ సారే నా చేతుల వెట్టిండు. జూటా మాట్లాడి నేనేడికి పోత?"

నాకు ప్రాణం లేచొచ్చింది. విచారణాధికారి మాత్రం కాగితం మీంచి తల ఎత్తలేదు.

"అది తర్వాత. ముందు నీ భర్త పేరు చెప్పు. నువ్వెవరి భార్యవో తేలాలి."

ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా పెద్దోని నాయన."

"పేరు చెప్పమ్మా, పేరు!"

"గది నా నోటెంట ఎట్లొస్తది సారూ? ఏడుకొండలాయన పేరే."

"ఆయనకు వెయ్యి పేర్లున్నాయి. ఏది రాసుకోమంటావు?"

క్యాషియర్ గారు ఉండబట్టలేక ఆ పేరు అనేశారు. ముసలమ్మ సంబరంగా తల ఊపింది. "ఔ సారూ, గదే!"

అధికారి కలం కింద పెట్టారు. "సాక్షికి మీరు అందించకూడదు."

"వాళ్లబ్బాయిని పిలిపించండి సార్, అతను చెబుతాడు."

"మీరు అందించాక ఇంకెవరు చెప్పి ఏం లాభం?"

నేను ఆగలేకపోయాను. "సార్, మన ఇళ్లలో ఆడవాళ్లు భర్త పేరు చెప్పరండి."

"మా ఇంట్లోనూ చెప్పరమ్మా. రూలుకు ఆ సంగతి తెలీదు. నువ్వు టైపు చెయ్యి."

భర్త పేరు చెప్పలేకపోయింది, నిందిత ఉద్యోగి అందించాడు, గుర్తింపు తేలలేదు. అధికారి చెప్పారు, నేను కొట్టాను. ముసలమ్మ తల ఊపిన సంగతి ఆయన చెప్పలేదు.

బయట మెట్ల మీద ముసలమ్మ బిక్కమొహం వేసుకుని నిలబడింది. "నేనేమన్న తప్పు జేసిన్నా సారూ?"

"లేదమ్మా. నీ మర్యాద నువ్వు నిలబెట్టుకున్నావు," అని క్యాషియర్ గారు ఆమెను రిక్షా ఎక్కించి వచ్చారు.

ఫైలు లక్డీకాపూల్‌లోని పై ఆఫీసుకు వెళ్లి అక్కడే కాపురం పెట్టింది. నెలనెలా సగం జీతానికి వచ్చినప్పుడు ఆయన నా బల్ల దగ్గర ఆగేవారు. "ఏమైనా వచ్చిందా అమ్మాయ్?" రాలేదండీ అనేదాన్ని. రిటైరయ్యేలోగా మచ్చ పోతే చాలు అనేవారు. ఆ ముచ్చటా తీరలేదు. ఒక వానాకాలం జ్వరంతో పోయారు. బతికుండగా కదలని ఫైలు అప్పుడు పరుగెత్తుకొచ్చింది. ఉద్యోగి మరణించినందున విచారణ మూసివేయడమైనది, రావలసినది భార్యకు ఇవ్వవలసినది.

ఆవిడ వచ్చారు. అన్నాళ్లూ ఆవిడ చేతి పచ్చడి తిన్నానేగాని మనిషిని చూడలేదు. అదే గది, అదే బల్ల. కొత్తగా వచ్చిన గుమాస్తా కలం పట్టుకుని అడిగాడు.

"భర్త పేరు చెప్పండమ్మా."

"ఇక్కడే పనిచేశారు బాబూ ఆయన."

"పేరు కావాలండీ."

ఆవిడ తల వంచుకుని చీర చెంగు మడతలు పెట్టుకుంటూ ఉండిపోయారు.

నేను టైపు మిషను వదిలి లేచాను. ఆయన పేరు ఇంటిపేరుతో సహా, చివర గారు చేర్చి, వరండాలోకి వినపడేలా చెప్పాను. గుమాస్తా రాసుకున్నాడు. అందించకూడదని ఎవరూ అనలేదు. ఆ గదిలో ఆయన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "గోంగూర అమ్మాయివి నువ్వేనా తల్లీ?"

అవునండీ అనబోయాను. ఏడుపు ముంచుకొచ్చింది. తల ఊపాను.